టెక్ సందేహాలు: స్పీడ్ ఫుల్, కాల్ మాత్రం కట్!

మాది కూకట్‌పల్లి. ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. మా అబ్బాయి ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలెట్టగానే నా ఆఫీసు కాల్‌లో మాట తెగిపోతోంది. స్పీడ్ టెస్ట్‌లో అంకె బాగానే వస్తోంది. పెద్ద ప్లాన్‌కి మారాలా?

వద్దండీ, చేతి చమురు వదలడమే. మీ సమస్య వేగం కాదు, క్యూ. రౌటర్లలో మెమరీ చవకై బఫర్లు (డేటా తన వంతు కోసం ఆగే చోట్లు) పెరిగాయి. ఒక ప్యాకెట్ (డేటా ముక్క) దారిలో తప్పిపోయేదాకా పంపే వేగం పెంచుకుంటూ పోవడం, నెట్‌లో డేటాను చేరవేసే టీసీపీ పద్ధతి తీరు. బఫర్ పెద్దదైతే ఆ తప్పిపోవడం ఆలస్యమవుతుంది. ఈలోగా మూసాపేట ట్రాఫిక్‌లో లారీల వెనక అంబులెన్స్ ఇరుక్కున్నట్టు, మీ మాట ఫొటోల వెనక ఆగిపోతుంది. జిమ్ గెటీస్ అనే ఇంజినీరు తన ఇంటి కనెక్షన్‌లోనే ఈ జబ్బును గమనించి బఫర్‌బ్లోట్ అన్నాడు.

ముందు అప్‌లోడ్ నడుస్తుండగా రౌటర్‌నే పింగ్ చేయండి, అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. అక్కడే ఆలస్యం కనిపిస్తే అనుమానించాల్సింది వైఫైని. రౌటర్ బాగుండి, బయటి సర్వర్ పింగ్ మాత్రం వందల మిల్లీసెకన్లకు ఎగబాకితే బఫర్‌బ్లోటే. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం (క్యూని అదుపులో ఉంచే సదుపాయం) ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతం దగ్గర పెట్టండి. దీని వెనకున్న కోడెల్ పద్ధతిని 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ ప్రకటించారు. అది క్యూ పొడవు చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్లపాటు నిరీక్షణ 5 కంటే తగ్గకపోతే ఒక ప్యాకెట్‌ని కావాలనే పారేస్తుంది, పంపేవాడు నెమ్మదిస్తాడు. 1986లో అమెరికాలోని బర్క్‌లీలో నెట్ రద్దీవల్ల సుమారు 400 గజాల దూరానికే సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయినప్పుడు, మందు కనిపెట్టిందీ ఈ జాకబ్‌సనే.

ఎస్‌క్యూఎం లేకపోతే బ్యాకప్‌ని రాత్రికి పెట్టమనండి. అంతకంటే చవకైన మందు లేదు.

ఫైనలియర్ ప్రాజెక్టుకి మొయినాబాద్ దగ్గర పొలంలో తేమ సెన్సర్లు పెట్టాం. గేట్‌వే (సెన్సర్ల సమాచారాన్ని అందుకుని నెట్‌కి పంపే పెట్టె) పక్కనున్న వాటి బ్యాటరీలే ముందు అయిపోతున్నాయి. అవి నాసిరకమా?

బ్యాటరీల తప్పు కాదు బాబూ. దూరపు నోడ్ల (సెన్సర్ పెట్టెల) కబుర్లన్నీ వాటి మీదుగానే గేట్‌వేకి చేరతాయి. పైగా రేడియోకి వినడమూ ఖర్చే: పాత సీసీ2420 చిప్ పంపేందుకు 17.4 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, వినేందుకు 18.8 తీసుకుంటుంది. కాబట్టి పని లేనప్పుడు రేడియోని నిద్రపుచ్చండి. అన్ని నోడ్లూ గంట కొట్టగానే ఒకేసారి పంపుతుంటే ప్యాకెట్లు ఢీకొని మళ్లీ పంపాల్సొస్తుంది, సమయాల్ని చెదరగొట్టండి.

2000లో వచ్చిన లీచ్ పద్ధతి నోడ్లను క్లస్టర్లుగా (గుంపులుగా) చేసి, గుంపు తరఫున గేట్‌వేకి పంపే పెద్దరికాన్ని వంతులవారీగా తిప్పుతుంది. ప్రాజెక్టు రిపోర్టుల్లో అందరూ దాన్నే రాస్తారు. కానీ ఏ నోడైనా గేట్‌వేతో నేరుగా మాట్లాడగలదని అది అనుకుంటుంది. మీ పొలంలో అది కుదిరితే మధ్యలో ఈ రిలేలే అక్కర్లేదు కదా! సెన్సర్ల మధ్య దారిని ఎంచే ఆర్‌పీఎల్ పద్ధతి వాడుతుంటే, దారి ఎంపికలో లింకు నాణ్యతతోపాటు మిగిలిన బ్యాటరీనీ లెక్కలోకి తెండి. వీలైతే పొలం అవతలి గట్టున రెండో గేట్‌వే పెట్టండి.

మలక్‌పేట నుంచి హైదరాబాద్‌లోనే ఉన్న సర్వర్‌కి ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ దారిన వెళ్తుందో చూపే ఆదేశం) కొడితే ముంబై మీదుగా వెళ్తోందేం?

ప్రొవైడర్ల మధ్య దారిని ఎంచే బీజీపీ పద్ధతి కిలోమీటర్లు చూడదు, వాళ్ల ఒప్పందాలను చూస్తుంది. ప్రొవైడర్లు ఒకరితో ఒకరు కలిసే నిక్సీ ఎక్స్ఛేంజ్ మన ఊళ్లోనూ ఉంది. కానీ మీ ప్రొవైడరూ, ఆ సర్వర్ వాళ్లూ ఇక్కడ నేరుగా కలవకపోతే ముంబైలోనే కలుస్తారు. మీ రౌటర్ మార్చినా ఇది మారదు.