నాన్న పోయాక పడిన పెన్షన్ ఎవరిది?

ప్రశ్న: నమస్తే సర్. మా నాన్నగారు రిటైర్డ్ టీచర్, 78 ఏళ్లు, ఫిబ్రవరి 9న ఇంట్లోనే పోయారు. పక్షవాతంతో ఏడాదిన్నర మంచంలోనే ఉన్నారు, ఏజెన్సీ ద్వారా ఒక అటెండర్‌ని పెట్టుకున్నాం, నెలకి 28 వేలు. కర్మలూ చుట్టాల హడావిడిలో ట్రెజరీకి చెప్పాలని ఎవరికీ తట్టలేదు, మార్చి 1న ఒకసారి, ఏప్రిల్ 1న ఒకసారి 42 వేల చొప్పున పెన్షన్ పడింది, కార్డు నా దగ్గరే ఉంది కదా అని తీసి ఆస్పత్రి బాకీ, మందుల షాపు బాకీ కట్టేశా. ఇప్పుడు వెనక్కి కట్టమంటున్నారు. ఏజెన్సీ వాళ్లేమో ఫిబ్రవరి ఫుల్ నెలా, ఇంకో నెల నోటీసు డబ్బులూ కలిపి 56 వేలు అడుగుతున్నారు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, "ఎఫ్‌డీకి నామినీ నువ్వే కదా, అందులోంచి కట్టేసి మిగిలింది నువ్వే ఉంచుకో" అంటాడు. అమ్మకి 71. నా మీద కేసు పెడతారా సర్? – ఒక కూతురు, తెనాలి

జవాబు: ముందు ఆ భయం తీసేద్దాం తల్లీ. మనిషి పోయిన సంగతి దాచిపెట్టి ఏళ్ల తరబడి పెన్షన్ లాగిన వాళ్ల మీద కేసులు పడ్డ మాట నిజమే, మీది ఆ బాపతు కాదు, రెండు నెలలు. నేను ట్రెజరీలో సీట్లో ఉన్న రోజుల్లో ఇలాంటివి నెలకి నాలుగైనా వచ్చేవి, పదో రోజు ఖర్చులు చూసుకునే కొడుక్కి ఎస్‌టీవో (సబ్ ట్రెజరీ) ఆఫీసు ఎక్కడ గుర్తొస్తుంది. కాకపోతే ఆ ఏటీఎం కార్డు ఈ రోజే బీరువాలో పడేయండి. ఖాతాదారు పోయాక ఆ కార్డు ఎవరూ గీకకూడదు, పిన్ నాన్నే చెప్పినా సరే.

ఇక లెక్క. పెన్షన్ పోయిన రోజు వరకూ నాన్నది, మర్నాటి నుంచి ఫ్యామిలీ పెన్షన్, అది అమ్మది. మార్చి 1న పడింది ఫిబ్రవరి డబ్బు. 28 రోజులకి 42 వేలంటే రోజుకి 1500, అందులో 9 రోజుల 13,500 నాన్నగారి హక్కే, దీన్ని మా భాషలో లైఫ్ టైమ్ ఎరియర్స్ అంటాం, ఇది ఎవరూ వెనక్కి అడగరు. మిగిలిన 28,500, ఏప్రిల్‌లో పడ్డ 42 వేలు, మొత్తం 70,500 ప్రభుత్వానిది. (ఆఫీసులో డీఆర్, అంటే కరువు భృతి, లాంటివి విడివిడిగా వేస్తారు, పదో పరకో తేడా రావొచ్చు.)

అయితే అటు నుంచి మీకు రావాల్సింది కూడా ఉంది. ఫిబ్రవరి 10 నుంచి అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ రావాలి కదా, అప్లికేషనే పెట్టలేదంటే ఆ ఎరియర్స్ అలాగే ఉన్నాయి. నాన్నగారు రిటైరై చాలా ఏళ్లయింది కాబట్టి మొదటి ఏడేళ్లకిచ్చే ఎక్కువ రేటు ఉండదు, మామూలు రేటు, చివరి జీతంలో 30 శాతం, పైన డీఆర్. అమ్మకి 70 దాటింది కాబట్టి అడిషనల్ క్వాంటం, అంటే వయసుని బట్టి కలిపే అదనపు పెన్షన్, కూడా గట్టిగా అడగండి, అది వాళ్లంతట వాళ్లు వేసేస్తారని కూర్చోకండి, పీపీవోలో (పెన్షన్ మంజూరు చేసిన ఆర్డరు) అమ్మ పుట్టిన తేదీ ఉందో లేదో చూసుకోండి. ఈ ఎరియర్స్‌లోంచి 70,500 సర్దుబాటు చేయమని అమ్మ పేరుతో ఒక లెటర్ పెట్టండి, తక్కువ పడితే ఆ కాస్తకి చలానా కట్టి కాపీ దాచుకోండి.

వెళ్లేటప్పుడు డెత్ సర్టిఫికెట్ (తీసుకునే ఉంటారు, లేకపోతే 21 రోజులు దాటింది కాబట్టి లేట్ ఫీజు, పర్మిషన్ అంటూ తిప్పుతారు), ఒరిజినల్ పీపీవో, అమ్మ ఆధార్, అమ్మ సొంత బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి. ఒక్క పేరు దగ్గరే ఎక్కువ మంది ఇరుక్కుంటారు, పీపీవోలో లక్ష్మి అని ఉంటుంది, ఆధార్‌లో మహాలక్ష్మి అని ఉంటుంది, కౌంటర్ అవతల కూర్చున్నాయనకి ఇద్దరు మనుషులు. పాత జాయింట్ ఫొటో ఉంటే సగం పని అయినట్టే. అమ్మని ఒకసారి ఆటోలో తీసుకెళ్లక తప్పకపోవచ్చు. దహన ఖర్చుల కింద ట్రెజరీ ఇచ్చే డబ్బు కూడా అదే రోజు అడిగేయండి. ఆస్పత్రి బిల్లు ఈహెచ్‌ఎస్‌లో (ఉద్యోగుల, పెన్షనర్ల హెల్త్ స్కీమ్) పోకపోతే మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఆరు నెలల్లోపు పెట్టాలి, ఒరిజినల్ బిల్లులూ ఆ వైద్యం అవసరమేనని డాక్టర్ సంతకంతో ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టూ కావాలి. అటెండర్ జీతం మాత్రం అందులో రాదు.

ఏజెన్సీ బిల్లు దగ్గర నేను అడిగేది ఒకటే, కాగితం మీద సంతకం ఎవరిది? నాన్న మంచంలో ఉన్నారంటే బహుశా మీదే. అప్పుడది నాన్న బాకీ కాదు, మీ బాకీ, తర్వాత మీరూ అన్నయ్యా పంచుకోవడం మీ ఇంటి వ్యవహారం. ఆ కాగితంలో నోటీసు షరతు ఉందేమో చదవండి. మనిషి పోయినా నెల డబ్బు ఇవ్వాలని రాసి లేకపోతే ఇవ్వక్కర్లేదు, రోజుకి వెయ్యి చొప్పున 9 రోజులకి 9 వేలు, అది కూడా మొదట్లో కట్టిన డిపాజిట్ ఉంటే అందులో తగ్గించుకోమనండి. వినకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915. అయితే ఒక మాట, ఆ ఏడాదిన్నర నాన్నని పక్క తిప్పి, డైపర్ మార్చి, స్పూన్‌తో జావ పట్టిన అమ్మాయికి ఆ 9 రోజుల జీతం ఏజెన్సీ ఇచ్చిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, వీళ్లు మీ దగ్గర తీసుకుని ఆవిడకి ఎగ్గొట్టడం నేను చూశా.

అన్నయ్య మాట మంచి మనసుతో అన్నదే గానీ తప్పు. నామినీ అంటే బ్యాంకులో డబ్బు తీసుకుని వారసులకి అప్పజెప్పే మనిషి, అంతే, 2023 డిసెంబర్‌లో షేర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, మీరు సమానం. మందుల షాపు బాకీలాంటి నాన్న సొంత అప్పులు ముందు అందులోంచి పోతాయి, ఆయన వదిలిన దానికి మించి పిల్లల జేబులోంచి కట్టక్కర్లేదు, తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మం అనే పాత రూలు 2005 సవరణతోనే పోయింది. అన్నయ్యకి నిజంగా వద్దంటే, "నా వాటా అమ్మకి" అని రాతపూర్వకంగా రాసి పంపమనండి, వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలదు.

ప్రశ్న: మా నాయనకి 4000 భరోసా పెన్షన్ వచ్చేది, 27న చనిపోయాడు. అమ్మకి ఏ పెన్షనూ లేదు. ఏం చెయ్యాలి? – ఒంగోలు దగ్గర నుంచి

జవాబు: నాయన పెన్షన్ ఆగిపోతుంది గానీ, ఆయన తీసుకుంటూ పోయారు కాబట్టి అమ్మకి స్పౌజ్ కేటగిరీలో అదే 4000 అడగొచ్చు. డెత్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ జిరాక్సులు సచివాలయంలో ఇవ్వండి. ఆధార్‌లో భర్త పేరు కాకుండా తండ్రి పేరు ఉంటే ముందది సరిచేయించి వెళ్లండి, లేకపోతే మళ్లీ నెల పోతుంది.