వెనకటి రోజుల్లో గోదావరి లంక (ఏటి మధ్య దిబ్బ) గ్రామాలవాళ్లు వరదను ఎలా తట్టుకునేవారు?

చాలామంది ఊరు వదిలేవారు కాదు. పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలి, ధాన్యం, పప్పుల్ని అటకెక్కించి, నీరు తీసేదాకా ఇంటిదగ్గరే ఉండేవారు.

అలా ఉండగలగడానికి కారణం, గోదావరి వరద సాధారణంగా ఒక్కసారిగా మీదపడదు. ఎగువన కురిసిన వాన కిందికి చేరేసరికి రోజులు పడుతుంది. ముందు ఎర్రనీరు వస్తుంది, తర్వాత మట్టం పెరుగుతుంది. గట్టున పుల్ల గుచ్చి, నీరు దాన్ని ఎంత ముంచిందో చూస్తే ఎక్కుతోందా తీస్తోందా తెలిసిపోయేది. ఇళ్లు మెరక మీద కట్టుకునేవారు. పడవ దొరక్కపోతే అరటి బొందలు నాలుగైదు పక్కపక్కన పేర్చి, వెదురు కర్ర గుచ్చి తెప్ప చేసేవారు. మనిషి బరువుకి అది చాలు.

అన్నిసార్లూ ఇది సరిపోలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లే తెగాయి, ఇక అటకలెంత!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక లంకలకు ముంపు తప్పిందనుకుంటారు చాలామంది. అది నీటిని కాలువలకు మళ్లించడానికి కట్టింది, వరదను ఆపడానికి కాదు. పైగా లంకలుండేది రెండు గట్ల మధ్య, ఏటి కడుపులోనే.