ఆర్టెమిస్ ఫౌల్ కథను పదేళ్ళ పిల్లవాడి చేత చదివించవచ్చునా?

మీ అబ్బాయికి పదేళ్ళు నిండాయని, ఇంగ్లీషు కథల పుస్తకాలు సొంతంగా చదువుతున్నాడని, ఎవరో ఆర్టెమిస్ ఫౌల్ కొనిమ్మన్నారని, అయితే అందులో కథానాయకుడే ఒకరిని ఎత్తుకుపోయి సొమ్ము డిమాండ్ చేసే పిల్లవాడని తెలిసి వెనకాడుతున్నానని మీరు రాశారు. నా జవాబు: ఇవ్వండి, కాని మొదటి మూడు నాలుగు అధ్యాయాలు మీరు పక్కన కూర్చుని వాడితో పాటు చదవండి. మా అమ్మాయికి పదకొండేళ్ళు ఉన్నప్పుడు, ఒక వేసవి సెలవుల్లో, ఈ పుస్తకాన్ని రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదివి వినిపించాను. మా అత్తగారు కూడా వినేవారు కాబట్టి ప్రతి పేరానూ వెంటనే తెలుగులో చెప్పవలసి వచ్చేది. అలా చెప్పడం వల్లే ఈ కథలో ఏముందో నాకు బాగా తెలిసింది.

రచయిత ఓయిన్ కోల్ఫర్ ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ ఊరివాడు, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. మొదటి పుస్తకం 2001లో వచ్చింది. కథానాయకుడు ఆర్టెమిస్‌కు పన్నెండేళ్ళు. వాళ్ళది తరతరాలుగా అక్రమాలతో డబ్బు గడించిన కుటుంబం. తండ్రి ఓడలో సరుకు వేసుకుని రష్యాకు వెళ్ళి, అక్కడి మాఫియా దాడిలో జాడ తెలియకుండా పోయాడు. ఆ దిగులుతో తల్లి మతి చలించి పై అంతస్తు గదిలో చీకటిలో పడి ఉంటుంది, కన్నకొడుకునే గుర్తుపట్టదు. ఇంట్లో పెద్దదిక్కు అంటూ ఉన్నది బట్లర్ అనే అంగరక్షకుడు, అతని చెల్లెలు జూలియట్ మాత్రమే. కరిగిపోయిన కుటుంబ సంపదను తిరిగి నింపడానికి ఆ పిల్లవాడు నేల కింద రహస్యంగా బతికే ఫెయిరీల దగ్గర బంగారం రాబట్టాలని పథకం వేసి, వాళ్ళ పోలీసు దళంలోని కెప్టెన్ హోలీ షార్ట్‌ను బంధించి, ఒక టన్ను మేలిమి బంగారం అడుగుతాడు.

మీ భయం నేరం గురించి కదా, అందుకే ముందుగా ఆ సంగతే చెబుతాను. ఈ పుస్తకం చదివి పిల్లవాడు నేరాన్ని మెచ్చుకుంటాడేమోనని నేను కూడా మొదటి రెండు రాత్రులూ సందేహించాను. మూడో రాత్రి మా అమ్మాయి ఆర్టెమిస్ తెలివికి చప్పట్లు కొట్టింది. హోలీకి మత్తు సూది తగిలి పడిపోయిన రాత్రి మాత్రం ముఖం ముడుచుకుని, "వాడికేం హక్కుందమ్మా?" అని అడిగింది. నేను ఏమీ బోధించలేదు. ఆ మార్పు కథలోనే ఉంది. రచయిత ఒక అధ్యాయంలో పిల్లవాడి పక్కన నిలబడితే, మరుసటి అధ్యాయంలో హోలీ పక్కన నిలబడతాడు, ఆమె ఎంత కష్టపడి ఆ ఉద్యోగంలో నిలిచిందో, ఏ గదిలో ఎలా బందీగా ఉందో మనకు చూపిస్తాడు. ఇంకొక విశేషం గమనించండి. పుస్తకం మొదటి పుటలూ చివరి పుటలూ జాగ్రత్తగా చదివితే, ఈ కథంతా ఫెయిరీల పోలీసు శిక్షణాలయం కోసం వాళ్ళ మనస్తత్వ వైద్యుడు తయారుచేసిన కేసు నివేదికలా అమర్చబడిందని తెలుస్తుంది. అంటే నేరస్థుడి కథను మనకు చెబుతున్నది నేరానికి గురైన పక్షం. మీ అబ్బాయి పుస్తకం ముగించాక మొదటి పుటకు తిరిగి వెళ్ళి, ఇది ఎవరు రాసిన కాగితమో వాడినే కనిపెట్టమనండి.

హోలీ బందీగా ఉన్న గదిలోని ఘట్టం మా ఇంట్లో మూడుసార్లు చదివించుకున్నారు. ఫెయిరీల మంత్రశక్తి వాడేకొద్దీ తరిగిపోతుంది. పౌర్ణమి నాడు, నది వంపు తిరిగే చోట ఉన్న పాత ఓక్ చెట్టు నుంచి ఒక కాయ కోసి, దానిని మరొక చోట మట్టిలో పాతితేనే ఆ శక్తి మళ్ళీ వస్తుంది. హోలీ ఆ కర్మను వాయిదా వేస్తూ వచ్చి, తీరా చేయబోయే సమయానికి పట్టుబడుతుంది. అయితే కోసిన కాయ ఆమె బూటులో ఉండిపోయింది. గదికి నాలుగు వైపులా కాంక్రీటు, ఎక్కడా పిడికెడు మట్టి లేదు. ఆమె ఇనుప మంచాన్ని ఎత్తి ఎత్తి గచ్చు మీద మోదుతుంది. గచ్చు చిట్లి అడుగున మట్టి కనిపించేదాకా మోదుతూనే ఉంటుంది. మా అత్తగారు పడక మీద లేచి కూర్చుని విన్నది ఆ ఒక్క రాత్రే.

ఇక ఆ పిల్లవాడి మేధ ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకం ఇవ్వమని నేను గట్టిగా చెప్పడానికి అసలు కారణం అదే. ఆర్టెమిస్‌కు మంత్రం రాదు, కండబలం లేదు. అతడు చేసిందల్లా చదవడం. ప్రతి ఫెయిరీ దగ్గరా వాళ్ళ నియమాలన్నీ రాసి ఉన్న ఒక చిన్న గ్రంథం ఉంటుంది. అతడు హోచిమిన్ నగరంలో తాగుడుకు బానిసైన ఒక ఫెయిరీ నుంచి దానిని అరగంట సేపు తీసుకుని, పుటలన్నీ ఫోటోలు తీసి, ఎవరికీ అర్థం కాని ఆ లిపిని కంప్యూటరు సాయంతో విడదీస్తాడు. ఆ తర్వాత కథ మొత్తం ఆ నియమాల మీద నడుస్తుంది. పిలవనిదే ఫెయిరీలు మనుషుల ఇంట అడుగు పెట్టరాదు. కళ్ళలోకి చూసి మనిషిని వశం చేసుకోగలరు, కాబట్టి కాపలా ఉండే జూలియట్ అద్దాల్లా మెరిసే నల్లకళ్ళజోడు తీయకూడదు. అవతలివాళ్ళు కాలాన్నే నిలిపివేయగలిగినప్పుడు, ఆ నిలిచిన కాలంలో నుంచి బయటపడే దారి కూడా అతడు ఆలోచనతోనే వెతుకుతాడు. ఆ దారేమిటో మీ అబ్బాయికి ముందుగా చెప్పకండి.

మా అత్తగారికి ఇది వెంటనే పట్టుబడింది. "హిరణ్యకశిపుడి వరం లాంటిదే కదమ్మా" అన్నారు. పగలు కాదు రాత్రి కాదు, ఇంట కాదు బయట కాదు, నరుడు కాదు మృగం కాదు అని అన్ని వైపులా మూసుకున్న వరంలో సందు ఎక్కడుందో చూసి, సంధ్యవేళ గడప మీద కథ ముగిసినట్టే, ఇక్కడ కూడా మాట ఇచ్చినవాడు ఆ మాటకు కట్టుబడే తీరాలి, ఆ మాటలోని ప్రతి పదానికీ విలువ ఉంది. ఆ పోలిక విన్నాక మా అమ్మాయి నియమం వచ్చినప్పుడల్లా నన్ను ఆపి, అదే వాక్యాన్ని ఇంకొకసారి చదవమనేది. ఒక వాక్యాన్ని అంత శ్రద్ధగా వినడం పాఠ్యపుస్తకాలు దానికి ఎన్నడూ నేర్పలేదు.

దీనికి తోడు, మేము చదివిన ప్రతిలో పుటల అడుగున ఫెయిరీల లిపిలో చిన్న చిన్న గుర్తుల వరుస ఉంది. అది అలంకారం కాదు. ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం సరిపోతుంది, ఓపికగా పోల్చుకుంటే చదవవచ్చు. మా అమ్మాయి నోటు పుస్తకంలో పట్టిక గీసుకుని పది రోజులు దాని మీదే కూర్చుంది. మీరు కొనే ప్రతిలో ఆ వరుస ఉందో లేదో చూసి కొనండి.

కథకు పుట్టినిల్లయిన ఐర్లండు గురించి కొంచెం చెప్పి ఇస్తే పిల్లవాడికి రుచి పెరుగుతుంది. ఫెయిరీ అనగానే మన పిల్లలకు రెక్కలు, మంత్రదండం ఉన్న బొమ్మ గుర్తుకు వస్తుంది. ఐర్లండు పల్లెల్లో ఆ మాట అంత తేలికైనది కాదు. అక్కడి పురాణ గాథల ప్రకారం, తూహ డే డానన్ అనే దివ్యజాతి తర్వాత వచ్చిన మనుషుల చేతిలో ఓడిపోయి, మట్టిదిబ్బల కిందికి, కొండల కిందికి వెళ్ళిపోయింది. కోల్ఫర్ కథలో ఫెయిరీలు మనుషుల పోరు పడలేక పాతాళానికి దిగి నగరాలు కట్టుకోవడానికి మూలం ఆ గాథే. ఫెయిరీలు భూమి పైకి వచ్చే దారుల్లో ఒకటి పూర్వం ఐర్లండు రాజాధిరాజుల పీఠమైన తారా కొండ దగ్గర తెరుచుకుంటుంది. పొలాల మధ్య గుండ్రంగా కనిపించే పాత మట్టికోటలను ఫెయిరీల కోటలని చెప్పుకుంటూ, వాటిని దున్నకుండా వదిలేసే రైతులు ఉన్నారు. 1999లో క్లేర్ కౌంటీలోని లాటూన్ దగ్గర కొత్త రోడ్డుకు అడ్డం వచ్చిన ఒక ముళ్ళచెట్టును ఫెయిరీలు కలుసుకునే చోటని, కొట్టవద్దని ఎడ్డీ లెనిహన్ అనే జానపద కథకుడు గట్టిగా పోరాడితే, చివరకు ఆ చెట్టును ఉంచే రోడ్డు వేశారు. ఇది చెప్పినప్పుడు మా అత్తగారు తమ పుట్టింటి చేలో పాముపుట్టను ఎవరూ తవ్వేవారు కాదని, నాగుల చవితికి అక్కడే పాలు పోసేవారని మా అమ్మాయికి చెప్పారు.

బంగారం సంగతి కూడా అంతే. లెప్రికాన్ అనే బుల్లి చెప్పులు కుట్టేవాడి దగ్గర బంగారు కుండ ఉంటుందని, వాడిని పట్టుకుంటే అది దక్కుతుందని, కాని పట్టుకున్నవాడిని వాడు ఎప్పుడూ బురిడీ కొట్టిస్తాడని ఐర్లండు కథలు చెబుతాయి. ఒక కథలో బంగారం పాతిన మొక్కకు మనిషి గుర్తుగా ఎర్ర పట్టీ కట్టి, దానిని విప్పనని లెప్రికాన్ చేత మాట తీసుకుని, గునపం తేవడానికి ఇంటికి పోతాడు. తిరిగి వచ్చేసరికి పొలంలోని ప్రతి మొక్కకూ ఎర్ర పట్టీ కట్టి ఉంటుంది. మన లంకెబిందెల కథల్లో కూడా ఆశపడి తవ్వినవాడికి సొమ్ము దక్కడం అరుదు. కోల్ఫర్ ఈ పాత కథనే తిరగేసి, మోసపోని మనిషి ఒకడు పుడితే ఏమవుతుందని అడిగాడు. హోలీ పనిచేసే దళం పేరు (LEPrecon) కూడా లెప్రికాన్ అని వినిపించేలా అక్షరాలు కూర్చాడు. తెలుగులో చెబుతున్నప్పుడు ఈ చమత్కారం జారిపోతుంది, కాబట్టి పేరును ఇంగ్లీషులోనే చూపించండి.

మీరు కూడా తెలుగులో చెప్పబోతే మాటల దగ్గర కొంత తడబాటు తప్పదు. ఫెయిరీని మొదట దేవకన్య అన్నాను. హెల్మెట్ పెట్టుకుని తుపాకీ పట్టిన దేవకన్యను మా అత్తగారు ఒప్పుకోలేదు. కథలో వాళ్ళు తమను తాము జనం అనే పిలుచుకుంటారు కాబట్టి "నేలకింది జనం" అన్నాను, అది నిలిచింది. ఆ జనానికి యంత్రాలు తయారుచేసే ఫోలీ నడుము పైన మనిషి, కింద గుర్రం. కిన్నరుడు అందామనుకున్నాను, కాని అమరకోశం కిన్నరుడిని తురంగవదనుడు అంటుంది, అంటే గుర్రం ముఖం, మనిషి దేహం. ఫోలీ దానికి సరిగ్గా తలకిందులు. అందుకని గుర్రపు మనిషి అనే సరిపెట్టాను. మల్చ్ అనే మరుగుజ్జు దొంగ నోటితో మట్టి మింగుతూ వెనుక నుంచి వదులుతూ సొరంగం తవ్వుకుంటూ పోతాడు. ఆ భాగాలకు పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీరు పక్కన ఉండవలసిన చోట్లు మూడు. మొదటిది తాగుడు గురించిన ఆరంభ ఘట్టం. రెండవది భవనంలోకి వదిలిన ట్రోల్ అనే భీకర జంతువు బట్లర్‌ను చావుదెబ్బ కొట్టే అధ్యాయం, దానిని పడుకునే ముందు చదవకండి. మూడవది తల్లి గదిలోని ఘట్టాలు. భయం కన్నా దిగులు పిల్లలను ఎక్కువ సేపు పట్టుకుంటుంది. మా అమ్మాయి ఆ రాత్రి నా చెయ్యి వదలకుండా నిద్రపోయింది. కాబట్టి ముగింపులో తల్లికి నయమవుతుందని, అందుకోసం ఆర్టెమిస్ తాను సంపాదించిన బంగారంలో సగం తిరిగి ఇచ్చేస్తాడని మీరు తెలుసుకుని ఉండండి. మీ అబ్బాయి మరీ బెంగపడితే తప్ప చెప్పకండి.

సినిమా ముందు చూపించవద్దు. కెన్నెత్ బ్రానా దర్శకత్వంలో 2020లో థియేటర్లకు రాకుండా నేరుగా డిస్నీ ఓటీటీలో విడుదలైన ఆ చిత్రం ఆర్టెమిస్‌ను తండ్రిని కాపాడుకునే మంచి పిల్లవాడిగా మార్చేసింది, మతి చలించిన తల్లి అందులో లేనే లేదు. పుస్తకంలో హోలీ ఆ దళంలో చేరిన మొదటి మహిళ, ఆమె ఓడితే తర్వాత వచ్చే ఆడవాళ్ళందరికీ దారి మూసుకుపోతుందని కమాండర్ రూట్ ఆమెను ఎక్కువగా కష్టపెడతాడు. సినిమాలో ఆ కమాండరే స్త్రీ అయ్యేసరికి హోలీ పోరాటంలోని బరువంతా పోయింది. నాకు అది చాలా బాధ కలిగించింది.

వరుసలో మొత్తం ఎనిమిది పుస్తకాలు ఉన్నాయి, చివరిది 2012లో వచ్చింది. ఎనిమిదీ ఒకేసారి కొనకండి. మొదటి పుస్తకం ముగిశాక మీ అబ్బాయి, "మరి వాళ్ళ నాన్న ఏమయ్యాడు?" అని అడిగితే 2002లో వచ్చిన రెండవది ఇవ్వండి, అందులో ఆర్టెమిస్ ఆర్కిటిక్ మంచులోకి వెళ్ళేది తండ్రి కోసమే, అక్కడ వెంట ఉండేది హోలీయే. మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది మా అత్తగారు.