టెక్ సందేహాలు: మిషన్ మీద చేతికుట్టు రావాలంటే

ప్రశ్న: కొత్తగా కంప్యూటర్ కుట్టు మిషన్ కొన్నాను. కుట్ల జాబితాలో చేతి క్విల్టింగ్‌ను, అంటే బొంత పొరలను కలిపి చేత్తో వేసే కుట్టును పోలిన కుట్టు ఒకటి ఉంది. బొంత మీద వేసి చూస్తే, ఒకే గీత మీద మిషన్ మళ్లీ మళ్లీ నడిచినట్టు ఉందే తప్ప చేతితో కుట్టినట్టు లేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరవుతుందా?

జవాబు: అప్‌డేట్ జోలికి పోకండి. మిషన్ తన పని తాను చేస్తూనే ఉంది, మీరు దానికి ఎక్కించిన దారాలతోనే చిక్కు. పైనా కిందా మామూలు దారమే పెట్టి ఈ కుట్టు వేస్తే ఎవరికైనా ఇలాగే వస్తుంది. పైన కంటికి ఆనని పారదర్శక దారం, అంటే మోనోఫిలమెంట్ ఉండాలి. మీరు చూపించదలచిన రంగు నూలు దారం బాబిన్‌లో, అంటే మిషన్ అడుగున ఉండే చిన్న కండెలో ఉండాలి. బొంత మీద చివరికి కుట్టుగా కనిపించేది బాబిన్ దారమే.

చేతికుట్టులో ఉండేది ఒకటే దారం. సూది దిగుతుంది, లేస్తుంది, మళ్లీ దిగుతుంది. అందుకే ఒక కుట్టు, ఒక ఖాళీ, మళ్లీ ఒక కుట్టు. మిషన్‌లో రెండు దారాలుంటాయి. పై దారం గుడ్డ పైన, బాబిన్ దారం అడుగున నడుస్తూ, పొరల మధ్య ఒకదానికొకటి మెలిపడతాయి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంట్ పొందిన మిషన్‌దీ ఇదే సూత్రం, టచ్‌స్క్రీన్ ఉన్న మీ మిషన్‌దీ ఇదే. ఈ పద్ధతిలో ఖాళీ అన్న మాటే ఉండదు. లేని ఖాళీని తెప్పించలేం కాబట్టి ఖాళీ ఉండాల్సిన చోట కనిపించని దారం పడేలా చేస్తాం. మీ మిషన్‌లోని ప్రోగ్రామ్ కొంత దూరం ఒక్కసారే కుట్టి, పక్క భాగాన్ని ముందుకూ వెనక్కూ కదులుతూ మళ్లీ కుడుతుంది. పై టెన్షన్, అంటే పై దారం బిగువు బాగా పెంచితే, ఆ మళ్లీ కుట్టిన చోట బాబిన్ దారం పైకి వస్తుంది. మిగతా చోట పారదర్శక దారం పడి ఖాళీలా కనిపిస్తుంది.

కిటుకంతా టెన్షన్‌లోనే ఉంది. ఆటో టెన్షన్ ఉంటే ముందు దాన్ని ఆపేయండి. మెలికను పొరల మధ్యకు చేర్చాలన్నదే దాని తాపత్రయం, మనకేమో అది పైకి రావాలి. మామూలుగా 4 దగ్గర ఉండే అంకెను ఒక్కొక్కటే పెంచుతూ, ప్రతిసారీ జానెడు కుట్టి, పక్కనే ఆ అంకెను పెన్నుతో రాసుకోండి. చాలా మిషన్లలో 6కూ 9కీ మధ్య కుదురుతుంది. సూది గుచ్చిన చోట రంగు చుక్క మాత్రమే కనిపిస్తే ఇంకా పెంచాలి. రంగు దారం బియ్యపు గింజలా నిండుగా పైకి తేలి, దాని పక్కన గుడ్డ ఖాళీగా కనిపిస్తే అక్కడ ఆపండి. గుడ్డ ముడతలు పడుతున్నా, పై దారం తెగుతున్నా హద్దు దాటినట్టే. ఈ పరీక్ష ఒంటి గుడ్డ మీద చేస్తే దండగ. బొంతకు వాడే పై గుడ్డ, లోపలి దూది పొర, అడుగు గుడ్డ మూడూ కలిపిన ముక్క మీదే చేయాలి. దూది మందం మారితే అంకె కూడా మారుతుంది.

90/14 సైజు సూది పెట్టండి. రంధ్రం కాస్త పెద్దదైతే బాబిన్ దారం సులువుగా పైకి వస్తుంది. బాబిన్‌కు 50 నంబరు దారం కంటే 40 లేదా 30 మేలు, నంబరు తగ్గేకొద్దీ దారం లావవుతుంది. చేతి క్విల్టింగ్‌కంటూ అమ్మే, పైన మెరుగు పూత ఉన్న దారాన్ని మాత్రం మిషన్‌కు పెట్టకండి. ఆ పూత టెన్షన్ భాగాల్లో పేరుకుపోతుంది.

వాకింగ్ ఫుట్, అంటే పొరలన్నిటినీ కలిపి సమంగా జరిపే పాదం తగిలించే ముందు మాన్యువల్ చూడండి. కొన్నింటిని ముందుకు కుట్టడానికే తయారుచేస్తారు, ఈ కుట్టేమో వెనక్కి కూడా నడుస్తుంది. అదే కారణంగా తిన్నటి గీతలకు, మెల్లగా తిరిగే వంపులకు ఈ కుట్టు బాగుంటుంది కానీ చిన్న చిన్న పువ్వుల చుట్టూ తిరగమంటే మొరాయిస్తుంది. ఇక మొదట్లో, చివర్లో ఆటోమేటిక్ ముడి వేయకండి, అక్కడ రంగు దారం ఉండకట్టి పనితనమంతా పాడుచేస్తుంది. దారం కొసలు పొడుగ్గా వదిలి, వెనక్కి లాగి చేత్తో ముడివేసి పొరల మధ్యకు తోసేయండి.

ప్రశ్న: నా మిషన్‌లో ఆ కుట్టు లేదు. సొంతంగా కుట్టు గీసుకునే సదుపాయం మాత్రం ఉంది. దాంతో పనవుతుందా?

జవాబు: రెండు బిందువుల మధ్య ఒకసారి కుట్టాలా, మూడుసార్లు కుట్టాలా అని ఎంచుకునే మీట అందులో ఉందేమో చూడండి. ఉంటే ఒకే వరుసలో బిందువులు పెట్టి, ఒక భాగానికి ఒకసారి, పక్క భాగానికి మూడుసార్లు అని ఎంచుకోండి. దారాలు, టెన్షన్ పైన చెప్పినట్టే.

ప్రశ్న: మాది తిన్నటి కుట్టు మాత్రమే వేసే పాత మిషన్. మాకు దారి లేదా?

జవాబు: సగం దారి ఉంది. పైన పారదర్శక దారం పెట్టి, కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచి, పై టెన్షన్ బిగించండి. నిండు కుట్టు రాదు, వరుసగా రంగు చుక్కలు వస్తాయి. రెండడుగుల దూరం నుంచి చూసేవారిని అవి ఇట్టే బోల్తా కొట్టిస్తాయి. చుక్కలు చిన్నగా ఉంటే బాబిన్ కేసు మీది చిన్న మరను ఏ కొంచెమో వదులు చేయవచ్చు. అంతకుముందు ఆ మర గాడి ఎటు తిరిగి ఉందో ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. రివర్స్ మీటను చేత్తో నొక్కుతూ వదులుతూ కంప్యూటర్ మిషన్‌లా కుట్టాలని మాత్రం చూడకండి, పది అంగుళాలకే విసుగొస్తుంది.

ప్రశ్న: పారదర్శక దారం కండె మీంచి జారి చిక్కుపడుతోంది. ఇస్త్రీ పెడితే కరిగిపోయింది కూడా.

జవాబు: కరిగింది నైలాన్ అయి ఉంటుంది. పాలిస్టర్ మోనోఫిలమెంట్ అంతకంటే ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, అయినా ఇస్త్రీ పెట్టె మధ్యస్థ వేడిలోనే ఉంచి పైన ఒక గుడ్డ వేయడం మంచిది. కండెకు చిన్న వల తొడిగి, మిషన్ వెనక నిలువు స్టాండుకు పెట్టండి. నెమ్మదిగా కుట్టండి. సూదిలోకి ఎక్కించేటప్పుడు కొస కనిపించకపోతే మార్కర్‌తో నల్లగా పూయండి. ముదురు రంగు గుడ్డలకు పొగరంగు మోనోఫిలమెంట్ దొరుకుతుంది, తెల్లదానికంటే అది తక్కువ మెరుస్తుంది.

ప్రశ్న: ఈ తంటాలు లేకుండా నిజంగా చేతికుట్టే వేసే మిషన్ ఉందా?

జవాబు: ఉంది. బేబీ లాక్ సంస్థ తయారుచేసే సషికో అనే మిషన్ బాబిన్ దారం ఒక్కదానితోనే కుడుతుంది. పై దారమే ఉండదు కాబట్టి ఖాళీలు నిజమైన ఖాళీలే. వెనక వైపు మాత్రం ముందు వైపంత అందంగా ఉండదు. పైగా అది వేసేది ఆ ఒక్క కుట్టే, జిగ్‌జాగ్ కావాలంటే పాత మిషన్ దగ్గరికే వెళ్లాలి. ఎప్పుడో ఒక బొంత కుట్టేవారికి దండగ ఖర్చు. క్విల్టింగే వృత్తిగా పెట్టుకున్నవారైతే ముందుగా సొంత గుడ్డ, సొంత దారం తీసుకెళ్లి దుకాణంలోనే కుట్టించి, ముక్కను తిప్పి వెనక వైపు కూడా చూసుకోండి.