దుకాణం తెరిచే ముందు బ్రౌజర్ మార్చు

పర్లాకిమిడి

చి. సుజాతకు మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో నెట్ సెంటర్ పెడుతున్నావని అక్క ఫోన్లో చెప్పింది. కుర్చీలు, ఇన్వర్టర్, జిరాక్స్ మిషన్ అన్నీ కొన్నావట. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు, బేరంలో నన్ను మించినదానివి. ఎవరూ పట్టించుకోని ఒక్క సంగతి మాత్రం రాస్తున్నాను. కొత్త కంప్యూటర్లలో ఎడ్జ్ అనే బ్రౌజర్ ముందే ఉంటుంది. దాని పక్కన క్రోమ్ ఎక్కిస్తావు, ఊరంతా చేసేది అదే. నువ్వు మాత్రం మొదటి గిరాకీ రాకముందే మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఎక్కించి దాన్నే డిఫాల్ట్‌గా పెట్టు.

ఇంట్లో కంప్యూటరైతే నీ ఇష్టం అనేవాణ్ణి. దుకాణం కథ వేరు. పొద్దున్నే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర డబ్బులు పడ్డాయా అని ఒకావిడ వస్తుంది. ఆ వెనకే స్కాలర్‌షిప్ కోసం గైట్ కాలేజీ కుర్రాడు, తర్వాత భూమి రికార్డుల సైట్ భూలేఖ్‌లో పట్టా తియ్యమని ఒక రైతు. మనవాళ్లు తెలుగులో అడుగుతారు, ఫారమేమో ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. దాంతో వాళ్ల జీమెయిల్ నువ్వే తెరుస్తావు, పాస్‌వర్డ్ నువ్వే కొడతావు. క్రోమ్‌లో జీమెయిల్ తెరిస్తే బ్రౌజర్‌లో కూడా సైన్ ఇన్ అవమని ఒక గడి వస్తుంది. పాస్‌వర్డ్ సేవ్ చెయ్యనా అని ఇంకోటి. బయట లైను ఉంటే చదివే తీరిక ఎవరికి? చేతికందింది నొక్కేస్తాం. సాయంత్రానికి రైతు పాస్‌వర్డ్ పోయి ఆ కుర్రాడి గూగుల్ ఖాతాలో కూర్చుంటుంది. గెస్ట్ మోడ్‌లో తెరిస్తే క్రోమ్‌లోనూ దీన్ని ఆపొచ్చు, కాదనను. కానీ నువ్వు లేనప్పుడు కౌంటర్లో కూర్చునే అబ్బాయికి ప్రతిసారీ అది గుర్తుంటుందా? ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ పేజీ తెరిచి, మూసినప్పుడల్లా కుకీలు, సైట్ డేటా తుడిచెయ్యమనే చోట ఒక్కసారి టిక్ పెట్టు. పాస్‌వర్డ్ సేవ్ చెయ్యమంటారా అని అడిగే టిక్ తీసెయ్యి. గిరాకీ లేవగానే బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరవడం ఒక్కటే ఆ అబ్బాయికి నేర్పాల్సింది.

అసలు కారణం ఇంకోటుంది. ప్రకటనలు. పరీక్ష ఫలితాల కోసమో, ఏదో ఫారం పీడీఎఫ్ కోసమో వెతికి ఒక సైట్ తెరుస్తావు. పచ్చరంగులో పెద్ద పెద్ద డౌన్‌లోడ్ బటన్లు ఉంటాయి. అవన్నీ ప్రకటనలే. నీకు కావలసిన లింకు కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈలోపు ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అని ఇంకో గడి, గిరాకీ అలౌ కొట్టేస్తాడు. ఇక ఆ రోజంతా తెర మూలన ‘మీ కంప్యూటర్లో వైరస్ ఉంది’ అని బెదిరింపులు. వచ్చినవాళ్లు నీ దుకాణంలోనే వైరస్ ఉందనుకుంటారు. భూలేఖ్ అని కొడితే ప్రభుత్వ సైట్‌లాగే ఉండి డబ్బు గుంజే పేజీ పైనొస్తే ఇంకా ప్రమాదం. పైసా కట్టే ముందు సైట్ పేరు చివర డాట్ గవ్ డాట్ ఇన్ గానీ డాట్ నిక్ డాట్ ఇన్ గానీ ఉందో లేదో చూడడం అలవాటు చేసుకో.

వీటిలో చాలావాటిని యూబ్లాక్ ఆరిజిన్ అనే ఉచిత యాడ్‌ఆన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న పనిముట్టు, అడ్డుకుంటుంది. గూగుల్ తన బ్రౌజర్లో యాడ్‌ఆన్‌ల నిబంధనలు మార్చాక, 2025కల్లా క్రోమ్‌లో ఇది ఆగిపోయింది. లైట్ అని ఒకటి మిగిలింది, దాని బలం తక్కువ. ఫైర్‌ఫాక్స్‌లో అసలుది ఇప్పటికీ పనిచేస్తోంది. ప్రకటనల మీద బతికే కంపెనీ ప్రకటనలు ఆపే పనిముట్టుకు ఎంత చోటిస్తుందో నువ్వే ఆలోచించు. పేరు మాత్రం జాగ్రత్తగా చూసి దించు. ఉత్త యూబ్లాక్ అని ఇంకోటుంది, అది వేరేవాళ్లది. ప్రకటనలు రాకపోతే పేజీ తొందరగా తెరుచుకుంటుంది, డేటా కూడా మిగులుతుంది. వానాకాలంలో మన వైపు నెట్ ఎలా నత్తనడక నడుస్తుందో నీకు చెప్పాలా?

అందరూ వాడేదే మంచిది కదా అని మీ నాన్న అంటాడు, నాకు తెలుసు. అందరూ వాడుతున్నది ఎంచుకుని కాదమ్మా, ఫోన్లలో ముందే పెట్టి ఇచ్చారు గనక. అలా ముందే ఉండడానికి ఎంత విలువుందంటే, ఆపిల్ బ్రౌజర్ సఫారీలో తన సెర్చే ఉండాలని గూగుల్ ఒక్క 2022లోనే ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చినట్టు అమెరికా కోర్టు కాగితాల్లో తేలింది. అదే ఏడాది అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ లాంటివి ముందే ఎక్కించి ఇవ్వడం వగైరాల మీద గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది.

ఒకే బ్రౌజర్ రాజ్యమేలితే ఏమవుతుందో మా తరం చూసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. పోటీ లేకపోయేసరికి తర్వాతి వెర్షన్ 2006 దాకా రాలేదు. సైట్లవాళ్లేమో ‘ఇది ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవండి’ అని బోర్డు పెట్టి కూర్చునేవారు. 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చి కదిలిస్తే గానీ ఆ బండి కదల్లేదు. ఈరోజు ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, పేర్లు ఎన్నున్నా లోపల ఇంజిన్ క్రోమ్‌దే. ఫైర్‌ఫాక్స్‌కు సొంత ఇంజిన్ ఉంది.

అలాగని ఫైర్‌ఫాక్స్ సన్యాసి అనుకోకు. మొజిల్లాకు వచ్చే రాబడిలో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే. అన్ని సైట్లూ అందులో సాఫీగా నడవవు కూడా. వేలిముద్ర మిషన్ తగిలించే పనులు, డిజిటల్ సంతకం అడిగే పోర్టళ్లు కొన్ని క్రోమ్‌నో ఎడ్జ్‌నో కోరతాయి. అందుకే క్రోమ్ తీసెయ్యమనడం లేదు. ఒక మూలన ఉండనీ, ఆ పనికి తెరువు, అవగానే మూసెయ్యి. ఏ పోర్టల్‌కు ఏది కావాలో ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించు. గిరాకీ ఎదురుగా తడబడక్కర్లేదు.

బ్రౌజర్ మార్చినా మారనిది ఒకటుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్. రోజంతా దించిన ఆధార్ పీడీఎఫ్‌లు అక్కడే పడుంటాయి. వాటికి పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన ఊళ్లలో అది ఎవరైనా ఊహించగలరు. ప్రింట్ ఇచ్చిన వెంటనే ఫైల్ తీసెయ్యి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి. పాతపట్నం నుంచి నా దుకాణానికి వచ్చేవాళ్లలో కొందరు నేను ఫైల్ తీసేసేదాకా కుర్చీ లేవరు. వాళ్లంటే నాకు గౌరవం.

నీ ఫోన్లో కూడా ఇదే పని చెయ్యి. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లోనూ యూబ్లాక్ ఆరిజిన్ పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్ దగ్గర బ్రౌజర్ మార్చాలి. లేకపోతే వాట్సాప్‌లో వచ్చిన లింకులు మళ్లీ పాతదాంట్లోనే తెరుచుకుంటాయి. విండోస్‌లోనూ అలాగే డిఫాల్ట్ యాప్స్‌లో మార్చు. అప్‌డేట్ అయ్యాక ఎప్పుడైనా ఎడ్జే వాడమని సిఫార్సు వస్తుంది, చదవకుండా సరే అనకు.

ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది ఎక్కించకు, మొజిల్లా సొంత సైట్ నుంచే దించు. ఎక్కడైనా ఆగిపోతే రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి. అప్పటిదాకా నా దుకాణంలో రద్దీ ఉంటుంది.

ఇట్లు,
మావయ్య