బెర్గెన్ వెళ్ళేముందు మేనకోడలికి

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

జూన్‌లో మా అక్కను, బావను వెంటబెట్టుకుని నార్వేలోని బెర్గెన్ వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. నీ ప్రయాణ పట్టిక చూశాను. ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఉండాలో ముందే రాసిపెట్టుకున్నావు, కానీ ఆ ఊళ్ళో అది సాగదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే మేఘాలను చుట్టూ ఉన్న కొండలు అడ్డగించడం వల్ల అక్కడ ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడుతుంది. మన హైదరాబాదు వర్షపాతానికి అది రెండింతలకు మించే ఉంటుంది. కనుక మబ్బు విడిన పూట కొండకు, ముసురు పట్టిన పూట మ్యూజియంకు అని మాత్రమే అనుకో. గొడుగులు అక్కడి గాలికి నిలవవు, ముగ్గురికీ మంచి రెయిన్‌కోట్లు కొను.

కొండ అంటే ఫ్లోయెన్ చాలు. 1918 నుంచి నడుస్తున్న పట్టాల బండి ఊరి నడిబొడ్డు నుంచే దాదాపు 320 మీటర్ల ఎత్తుకు కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది కాబట్టి అక్క మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు. 643 మీటర్ల ఉల్రికెన్‌కూ కేబుల్ కారు ఉంది గాని, గాలి ఎక్కువైతే దాన్ని ఆపేస్తారు.

ఎక్కువ సమయం ఇవ్వవలసినది రేవు ఒడ్డున ఉన్న బ్రిగ్గెన్‌కు. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఆ చెక్క ఇళ్ళ వరుసను చాలామంది ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకుండా ఇళ్ళ మధ్య సందుల్లోకి నడవండి. కాళ్ళ కింద చెక్క పలకలు, ఇరువైపులా ఒరిగిన గోడలు, తల మీద వసారాలు కనిపిస్తాయి. తడిసిన పలకలు జారతాయి, అక్క చెయ్యి వదలకు. 14వ శతాబ్దం నుంచి జర్మనీకి చెందిన హాన్సా అనే వర్తక సంఘం వారు అక్కడ మకాం వేసి, నార్వే ఉత్తర ప్రాంతం నుంచి వచ్చే ఎండు కాడ్ చేపను కొని, బదులుగా ధాన్యం అమ్మేవారు. అగ్నిభయం వల్ల ఆ ఇళ్ళలో చలికాలంలో సైతం నిప్పు రాజేయనిచ్చేవారు కాదు. వంటకూ చలికాచుకోవడానికీ వెనుక వేరే గదులు ఉండేవి. ఇంత జాగ్రత్త పడినా 1702లో అంతా కాలిపోయింది. ఇప్పుడున్నది ఆ తర్వాత పాత పద్ధతిలోనే తిరిగి కట్టినది.

బావకు సంగీతమంటే ప్రాణం గనుక స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ నివసించిన ట్రోల్డ్‌హౌగెన్ అనే ఇల్లు చూపించు. ట్రామ్ దిగాక చాలా దూరం నడవాలి, అందువల్ల టాక్సీ మేలు. అర్ధరాత్రి సూర్యుణ్ణి చూపిస్తానని మాత్రం వాళ్ళకు ఆశ పెట్టకు. బెర్గెన్ ఆర్కిటిక్ వలయానికి చాలా దక్షిణాన ఉంది. జూన్‌లో రాత్రి దాదాపు పదకొండుకు సూర్యుడు అస్తమిస్తాడు, అంతే.

ఓస్లో నుంచి విమానం వద్దు, రైలెక్కండి. 1909లో మొదలైన ఆ మార్గం సుమారు ఏడు గంటల ప్రయాణం. 1,222 మీటర్ల ఎత్తులో ఉన్న ఫిన్సె స్టేషన్ దగ్గర జూన్‌లో కూడా మంచు కనబడుతుంది. టికెట్లు ముందుగా తీసుకుంటే చవక.

భోజన ఖర్చు విపరీతం కాబట్టి వంటగది ఉన్న బస చూసుకో. రేవు పక్కన చేపల మార్కెట్ చూడడానికే గాని మన జేబుకు తినడానికి కాదు. పొడులు, ఆవకాయ పెట్టుకోండి; నెయ్యి మాత్రం వద్దు, మన దేశం నుంచి పాల పదార్థాలను తీసుకురానివ్వరు. ఈ సంగతి అక్కకు నువ్వే చెప్పు, నా మాట వినదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య