టెక్ సందేహాలు: ఎడారిలో ఆర్వీ, ఫ్రిజ్‌లో ఫోన్

ఏప్రిల్ దాటిందంటే ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో సగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఊర్నించి అమ్మానాన్న వస్తున్నారు, పిల్లలకి సెలవులు, ఆరుగురం ఒక కారులో పట్టం కాబట్టి ఆర్వీ (పడకలు, వంటగది లోపలే ఉండే పెద్ద బండి) అద్దెకి మాట్లాడుకున్నాం, బే ఏరియా నుంచి బయల్దేరి కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కు చూసుకుని, వేగస్ మీదుగా గ్రాండ్ కాన్యన్ దాకా, జులై మొదటి వారం. ఇంత చెప్పి చివర్లో "ఏ పవర్ బ్యాంక్ మంచిదండీ?" అంటారు. పవర్ బ్యాంక్ సంగతి తర్వాత. అద్దె కాగితాలు చదివారా? వేసవి నెలల్లో ఈ బండిని డెత్ వ్యాలీలోకి తీసుకెళ్లకూడదని చాలా ఆర్వీ ఒప్పందాల్లో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. కాదని వెళ్లి అక్కడ బండి మొరాయిస్తే లాక్కొచ్చే ఖర్చంతా మీ నెత్తినే.

"మాది రెంటచింతల, మాకు ఎండ కొత్తా?" అని ఒకాయన రాశారు. మీ ఊరి ఎండని నేను తక్కువ చేయను సార్. కానీ డెత్ వ్యాలీలో ఫర్నేస్ క్రీక్ దగ్గర 1913 జులై 10న నమోదైంది 134 ఫారన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్. మామూలు జులైలో కూడా పగలు 47 దగ్గర తచ్చాడుతుంది, రాత్రి 30 కిందకి దిగడమే అరుదు. అయినా మీరు రెంటచింతలలో పుట్టారు గానీ, మీ ఫోన్ పుట్టలేదు కదా.

ఫోన్ దగ్గరికే వద్దాం. ఫ్రీమాంట్ నుంచి ఒకావిడ ప్రశ్న: పోయిన వేసవిలో దారి మధ్యలో ఫోన్ వేడెక్కి ఆగిపోయింది, బ్యాటరీ పోయిందేమో మార్పించాలా, ఈసారి ఆర్వీలో ఫ్రిజ్ ఉంటుంది కాబట్టి అందులో పెడితే సరిపోతుందా?

బ్యాటరీ పోలేదమ్మా. పరిసరాల వేడి 35 సెల్సియస్ దాటని చోట వాడుకోండని చాలా ఫోన్ల కంపెనీలు తమ కాగితాల్లోనే రాస్తాయి, మనం చదవం. రెండేళ్ల కిందట వేగస్ వెళ్లే ఐ-15 హైవే మీద బేకర్ అనే ఊరు దాటగానే నాకూ ఇదే జరిగింది. (బేకర్‌లో 134 అడుగుల థర్మామీటర్ ఒకటి ఉంది, 1913 నాటి రికార్డుకి గుర్తుగా అంత ఎత్తు కట్టారు. ఫొటో తీద్దామని ఆగిందీ నేనే, ఆ పది నిమిషాలు ఫోన్‌ని అద్దం దగ్గరే వదిలేసిందీ నేనే.) ముందు స్క్రీన్ మసకబారింది, ఎండకి కళ్లు అలవాటు పడలేదేమో అనుకున్నాను. తర్వాత ఛార్జింగ్ ఆగింది. ఆపైన స్క్రీన్ మొత్తం నల్లబడి థర్మామీటర్ బొమ్మ వచ్చింది. దారి చెప్పే గొంతు మాత్రం ఇంకాసేపు వినపడింది, చీకట్లోంచి ఎవరో పిలుస్తున్నట్టు.

తప్పు నాదే. ముందు అద్దానికి అతికించిన స్టాండ్, దానికి వైర్‌లెస్ ఛార్జింగ్, పైన మందపాటి కవర్. వైర్‌లెస్ ఛార్జింగ్‌లో కొంత కరెంటు ఊరికే వేడిగా మారిపోతుంది, పైనుంచి ఎండ, కింద నుంచి ఛార్జర్, మధ్యలో ఫోన్ పెనం మీద అట్టులా కాలుతుంది. ఏసీ గాలి తగిలే చోట బిగించండి, వైరుతో ఛార్జ్ చేయండి, కవర్ తీసేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. వేడెక్కిన వస్తువుని ఒక్కసారిగా చల్లటి పెట్టెలో పడేసి, మళ్లీ బయటికి తీస్తే లోపల నీటి బొట్లు పడతాయి, ఎండ చంపని ఫోన్‌ని ఆ తేమ చంపుతుంది. గుడ్డలో చుట్టి నీడలో ఉన్న సీటు మీద పెట్టండి, పావుగంటలో అదే లేస్తుంది.

పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్ సరిపోతుంది, ఏ రంగైనా పర్లేదు. ఆపి ఉంచిన బండి డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి. లిథియం బ్యాటరీలని సాధారణంగా 45 సెల్సియస్ పైన ఛార్జ్ చేయకూడదు, మూసిన బండిలో ఆ అంకె ఎప్పుడు దాటిందో మీకు తెలియను కూడా తెలియదు.

డాలస్ నుంచి ఇంకో ప్రశ్న: క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరట, వెయ్యి వాట్ అవర్ల పవర్ స్టేషన్ (ప్లగ్గులున్న పెద్ద బ్యాటరీ పెట్టె) కొంటే ఆర్వీ ఏసీ రాత్రంతా నడుస్తుందా?

నడవదు. ఆర్వీ నెత్తి మీద ఉండే 13,500 బీటీయూ (మన లెక్కలో టన్నుకి కాస్త ఎక్కువ) ఏసీ ఆ ఎండలో దాదాపు 1,500 వాట్లు తాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. ఇన్వర్టర్‌లో పోయేది పోగా మీకు దక్కేది అరగంట, కాస్త అటూఇటూ. అలాంటి రాత్రుళ్లకి కరెంటు కనెక్షన్ ఉన్న చోటు బుక్ చేసుకోవడం తప్ప వేరే దారి లేదు. అక్కడా ఒక మెలిక ఉంది. 30 ఆంపియర్ల ప్లగ్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్ మీద పప్పు పెట్టి పక్కన రైస్ కుక్కర్ వేశారంటే బ్రేకర్ టప్పున పడుతుంది. సాయంత్రం అందరూ ఏసీలు వేశాక వోల్టేజి కూడా పడిపోతుంది, మన ఊళ్లో మే నెలలో ఫ్యాన్ తిరిగీ తిరగనట్టు ఊగేది గుర్తుందిగా, అదే బాపతు. గోడ ప్లగ్గుకి పెట్టుకునే చిన్న వోల్ట్ మీటర్ ఒకటి కొనుక్కోండి, 105 కిందకి వస్తే ఏసీ ఆపేయండి, లేకపోతే కంప్రెసర్ కాలుతుంది. కాలిన కంప్రెసర్ డబ్బు మీ డిపాజిట్‌లోంచే పోతుంది.

ఇక నాకు నిజంగా నిద్ర పట్టనివ్వని ప్రశ్న. శాన్ హోసే పాఠకుడు ఒకరు ఆర్వీ తిరిగి ఇచ్చేసిన వారానికి రాశారు: "బండి స్క్రీన్‌కి ముగ్గురం ఫోన్లు కలిపాం. ఏమైనా మిగిలి ఉంటుందా?"

చాలానే మిగిలి ఉంటుంది. బ్లూటూత్ కలిపినప్పుడు "కాంటాక్ట్స్ తీసుకోమంటారా" అని అడుగుతుంది, పాటలు రావాలన్న తొందరలో అందరం ఓకే కొడతాం. దాంతో మీ ఫోన్‌బుక్, కాల్ లిస్టు, కొన్ని బండ్లలో మెసేజ్‌లు కూడా ఆ స్క్రీన్ వెనక ఉన్న మెమరీలోకి వెళ్తాయి. మీరు ఫోన్ తీసుకుని దిగిపోయినా అవి దిగవు. పోయిన ఏడాది నేను అద్దెకి తీసుకున్న బండిలో నాకంటే ముందు వాడిన తొమ్మిది ఫోన్ల పేర్లు కనిపించాయి. "డాడీ ఫోన్" ఒకటి. ఒకాయనది ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. నావిగేషన్‌లో "హోమ్" అని నొక్కితే ఎవరిదో ఇంటి చిరునామా వచ్చేసింది, తలుపు నంబరుతో. నేను మంచివాణ్ని కాబట్టి చెరిపేశాను.

ఇప్పుడు ఇవన్నీ ఒకచోట పెట్టి చూడండి. ఇంటి చిరునామా ఉంది. మీరు ఎన్నో తారీకు దాకా ఊళ్లో ఉండరో బండి యజమానికి ఎలాగూ తెలుసు. మీ ఇంటి గ్యారేజీ తలుపు తెరిచేలా బండి సన్‌వైజర్‌లోని బటన్‌కి నేర్పించి ఉంటే, మీ ఇంటి తాళం చెవి కూడా ఆ బండిలోనే వదిలేసి వచ్చినట్టు. పెద్ద కంపెనీ బండి కాకుండా ఎవరో ఇంటాయన తన సొంత ఆర్వీని యాప్ ద్వారా అద్దెకిచ్చేవి ఎక్కువయ్యాయి ఇప్పుడు, వాళ్లలో అత్యధికులు మంచివాళ్లే, కానీ మీ తర్వాత ఆ సీట్లో కూర్చునేవాడు ఎవరో మీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. అద్దె కార్లలో ఇలా సమాచారం మిగిలిపోతుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎప్పుడో హెచ్చరించింది. ఆ తర్వాత వచ్చిన బండ్లలోనూ "అన్నీ చెరిపెయ్" బటన్ సెట్టింగుల్లో నాలుగో పొరలో దాక్కునే ఉంది. అద్దె బండి తలుపు మూసి తాళం చెవి అప్పగించగానే పాత ఫోన్లన్నీ తుడిచేసుకునే ఏర్పాటు చేయడానికి ఎంత ఖర్చవుతుంది? దీన్ని డిజైన్ చేసినవాళ్లు బండి ఒకే కుటుంబం చేతిలో పదేళ్లు ఉంటుందని అనుకున్నట్టున్నారు.

కాబట్టి పాటలకి బ్లూటూత్ కావాలంటే కాంటాక్ట్స్‌కి ఒప్పుకోకండి. బండిలోని యూఎస్‌బీ రంధ్రంలో కాకుండా 12 వోల్టుల సాకెట్‌కి మీ సొంత అడాప్టర్ పెట్టి ఛార్జ్ చేసుకోండి, దాంట్లోంచి కరెంటు తప్ప ఇంకేం పోదు. "హోమ్" అని మీ ఇల్లు పెట్టొద్దు, మీ వీధి చివరి పెట్రోల్ బంకు పెట్టండి. బండిలో వైఫై రౌటర్ ఉంటే దాని పాస్‌వర్డ్ కప్‌బోర్డు తలుపుకి కాగితం మీద అతికించి ఉంటుంది, మీకు ముందు అద్దెకి తీసుకున్న వాళ్లందరికీ అది తెలుసు, దాని మీద బ్యాంకు పని చేయొద్దు. తిరిగి ఇచ్చే రోజు డంప్ స్టేషన్‌లో ఆర్వీ మురుగునీళ్ల ట్యాంకులు ఖాళీ చేస్తారు కదా, ఆ పది నిమిషాల్లో పిల్లల చేత స్క్రీన్ మెమరీ కూడా ఖాళీ చేయించండి. రెండూ ఒకే రకం పని. శాన్ హోసే పాఠకుడికి: బండి యజమానికి ఫోన్ చేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయమని అడగండి, గ్యారేజీ తలుపు మోటారులో పాత రిమోట్లన్నీ చెరిపి మీవి మళ్లీ నేర్పించండి. ఇవాళే.

ఫీనిక్స్ నుంచి ఒకమ్మాయి అడిగింది: మధ్యాహ్నం అత్తగారు ఆర్వీలో పడుకుంటే మేం విజిటర్ సెంటర్ చూసి వస్తాం, లోపల వేడి పెరిగితే ఫోన్‌కి చెప్పే వైఫై సెన్సర్ ఏది కొనాలి?

ఏదీ కొనకమ్మా. ఆలోచించు. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగుతుంది. రౌటర్ ఆగితే సెన్సర్ ఎవరికి చెప్పుకోవాలి? అన్నీ బాగున్నంతసేపు "అంతా బాగుంది" అని చెప్తూ, బాగోలేని ఆ ఒక్క క్షణంలో నోరు మూసుకునే వస్తువుకి డబ్బు పెట్టడం ఎందుకు? అత్తగారిని వెంట తీసుకెళ్లు, విజిటర్ సెంటర్‌లో ఏసీ ఉంటుంది.

ఈ ప్రశ్న చూస్తే నా పాత మంట మళ్లీ రేగుతుంది. ఈమధ్య ఏ వస్తువు కొన్నా దానికో యాప్, ఆ యాప్‌కి లాగిన్, లాగిన్‌కి ఇంటర్నెట్. మా ఇంట్లో ఉన్న పవర్ స్టేషన్ ఒకటి, కారులోంచి దాన్ని ఛార్జ్ చేసే వేగం మార్చాలంటే యాప్ తెరవాలి, యాప్ తెరిస్తే "మళ్లీ లాగిన్ అవ్వండి" అంటుంది. ఎక్కడ? డెత్ వ్యాలీలో స్టోవ్‌పైప్ వెల్స్ దాటి ఒక్క గీత సిగ్నల్ లేని రోడ్డు మీద. నా డబ్బుతో కొన్న బ్యాటరీ, నా ఒళ్లో ఉంది, దాని బటన్ మాత్రం ఎక్కడో సర్వర్‌లో ఉంది! డ్యాష్‌క్యామ్ అయితే అప్‌డేట్ చేస్తేగానీ రికార్డు చేయనని భీష్మించుకుంది. క్యాంపింగ్ కోసమని పెట్టె మీద కొండల బొమ్మ అచ్చేసి మరీ అమ్ముతున్న వస్తువుని సిగ్నల్ లేని చోట ఒక్కసారైనా పెట్టి చూశారా అని నా ప్రశ్న. ఎవరూ చూడరు, కాబట్టి మీరే చూడాలి. బయల్దేరే ముందు శనివారం ఇంట్లో రౌటర్ తీసేసి, ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, తీసుకెళ్లబోయే ప్రతి వస్తువునీ ఒక పూట వాడండి. మొండికేసినదాన్ని ఇంట్లోనే వదిలేయండి.

మ్యాప్ గురించి ఎనిమిది మంది అడిగారు, అందరికీ కలిపి. డెత్ వ్యాలీ పార్కులో చాలా భాగం ఫోన్ సిగ్నల్ ఉండదు, కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవడం తప్పనిసరే. కానీ మామూలు మ్యాప్ యాప్‌కి మీరు నడిపేది ఆర్వీ అని తెలియదు. అక్కడి ఆర్టిస్ట్స్ డ్రైవ్ అనే రోడ్డులోకి 25 అడుగులు దాటిన బండి వెళ్లకూడదు, యాప్ మాత్రం ఆనందంగా పంపిస్తుంది. మూతపడ్డ రోడ్డు సంగతీ దానికి తెలియదు. 2023 ఆగస్టులో హిలరీ తుపాను వానకి రోడ్లు కొట్టుకుపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూసేశారు. 2009 ఆగస్టులో జీపీఎస్‌ని నమ్మి అడ్డదారిలోకి వెళ్లిన తల్లీకొడుకులు అయిదు రోజులు చిక్కుకుపోయారు, బాబు బతకలేదు. అక్కడి రేంజర్లు ఇలాంటి చావులకి "డెత్ బై జీపీఎస్" అని పేరు పెట్టుకున్నారు. విజిటర్ సెంటర్‌లో కాగితం మ్యాప్ తీసుకోండి, తారు రోడ్డు దిగకండి.

కొత్త ఫోన్లలో ఉపగ్రహం ద్వారా సాయం అడిగే సదుపాయం ఉందిగా అంటారేమో. ఉంది, మంచిదే, ఇంట్లో ఉండగానే డెమో చేసి చూసుకోండి. కాకపోతే మెసేజ్ వెళ్లినంత తేలిగ్గా మనుషులు రాలేరు. 2024 జులైలో అక్కడ కొందరు బైకర్లు వడదెబ్బకి పడిపోతే, వేడి 120 ఫారన్‌హీట్ దాటిందని హెలికాప్టర్ ఎగరలేకపోయింది, వాళ్లలో ఒకాయన చనిపోయాడు. అందుకే మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు, అవి కాక బండిలో అదనంగా ఇంకొన్ని. గ్యాడ్జెట్ల సంచీకి చోటు చాలకపోతే తీసేయాల్సింది సంచీనే, నీళ్ల డబ్బాలు కాదు.

నాన్నగారి ఇన్సులిన్ గురించి అడిగినవారికి: యాప్ ఉన్న కూలర్ వద్దు. నీళ్లలో తడిపి వాడే సంచులు మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మన కుండ నీళ్లు చల్లబడే పద్ధతే, గాలి పొడిగా ఉండే చోట ఇంకా బాగా పనిచేస్తుంది. పక్కన మామూలు థర్మామీటర్ ఒకటి పెట్టి చూసుకుంటూ ఉండండి, వాడకంలో ఉన్న ఇన్సులిన్‌ని సాధారణంగా 30 సెల్సియస్ దాటనివ్వరు.

ఆఖరిది, అర్వైన్ నుంచి: "డ్రోన్ తీసుకెళ్లొచ్చా?" 2014 నుంచి నేషనల్ పార్కుల్లో డ్రోన్లకి నిషేధం ఉంది. బ్యాటరీ సగం ఛార్జ్‌లో ఉంచి, బీరువాలో పెట్టి వెళ్లండి.